మామదో పార్టీ, అల్లుడిదో పార్టీ: ఇంట్లో రాజకీయం మాట్లాడుకునే పద్ధతి

వరంగల్ వైపు ఇళ్లలో రాజకీయం మాట్లాడొద్దని చెప్పడం తేలికే కానీ జరిగే పని కాదు. రైతు భరోసా పెట్టుబడి సాయం పడిందా అని అడిగినా, ఎంజీఎం ఆసుపత్రిలో స్కానింగ్‌కు ఎప్పుడు రమ్మన్నారని అడిగినా, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా (తూకం) అయిందా అని అడిగినా రెండో మాటకే ప్రభుత్వం వచ్చి కూర్చుంటుంది. అందుకని ఎట్లా మాట్లాడకుండా ఉండాలో వదిలేసి, ఎట్లా మాట్లాడితే పండక్కి మళ్లీ ఒక్క బంతిలో కూర్చోగలమో చూద్దాం.

మన దగ్గర ఈ వాదనలకు వేడి ఎక్కువ ఉండటానికి ఒక కారణం ఉంది. 2009 డిసెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం ప్రొఫెసర్ కోదండరాం కన్వీనర్‌గా రాజకీయ జేఏసీ (ఐక్య కార్యాచరణ కమిటీ) ఏర్పడ్డప్పుడు రకరకాల జెండాల వాళ్లు ఒకే టెంటు కింద రిలే దీక్షలు చేశారు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఆ టెంట్లలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే ఇవ్వాళ మూడు పార్టీల్లో ఉన్నారు. ముక్కూముఖం తెలియని మనిషి వేరే పార్టీ అంటే మనకు పట్టదు. కలిసి లాఠీదెబ్బలు తిన్న బామ్మర్ది వేరే పార్టీ అంటే మాత్రం "నువ్వు గూడ అటే పోయినవా?" అనిపిస్తుంది. ఇంట్లో గొంతులు లేచినప్పుడు చాలాసార్లు లోపల ఉన్నది ఈ బాధే. ఇది గుర్తుంటే ఎదుటి మనిషి మాటలు కొంచెం తక్కువ గుచ్చుకుంటాయి.

మొదలు: మీకేం కావాలి?

అవతలి మనిషి ఓటు మార్చాలని కూర్చుంటే ఇక్కడే ఆగిపోండి. ఇంటి వాదనలో ఓడి పార్టీ మార్చిన మనిషిని నేనైతే చూడలేదు. ఆయన ఎందుకట్లా అనుకుంటున్నాడో తెలుసుకోవాలనో, ఇద్దరికీ పనికొచ్చే విషయం ఏదైనా దొరుకుతుందేమోననో అయితే ముందుకు పోవచ్చు.

చోటు, సమయం

దావత్‌లో మొదలుపెట్టకండి. మందు సంగతి పక్కన పెట్టినా, పది మంది వింటుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. అల్లుడి ముందు మామ తగ్గడు, తమ్ముడి పిల్లల ముందు పెద్దబాపు అసలే తగ్గడు. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపు అంతకంటే అన్యాయం. అక్కడ ఎవరు ఎంతమంది చూస్తున్నారో తెలియదు, గొంతు వినపడదు, మాట చెరిగిపోదు. గ్రూపులో ఎవరైనా కెలికితే జవాబు అక్కడ రాయకుండా ఫోన్ చేయండి.

ఇద్దరే ఉన్న చోటు మంచిది, చేతిలో పని ఉంటే ఇంకా మంచిది. హన్మకొండ నుంచి ఊరికి బండి మీద పోయేటప్పుడు, కల్లంలో మిర్చి తాలు ఏరేటప్పుడు, చిక్కుడుకాయ ఒలిచేటప్పుడు ముఖాలు ఎదురెదురుగా ఉండవు. మధ్యలో మాట ఆగినా ఇబ్బంది అనిపించదు, చేతిలో పని సాగుతూనే ఉంటుంది.

ఎన్నికలకు ముందు వారం ఎవరితోనూ వద్దు. పోలింగుకు ముందు 48 గంటలు ప్రచారం బందు చేయాలని ఎన్నికల చట్టం పార్టీలకు చెబుతుంది. ఇళ్లల్లో ఆ గడువు ఇంకో ఐదు రోజులు పెంచుకున్నా నష్టం లేదు.

ఇంకో సంగతి. చాలా ఇళ్లల్లో ఈ ముచ్చట మగవాళ్లే నడిపిస్తారు, టీ ఇచ్చే మనిషి వింటూ పోతుంది. 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. దాని మీద అరుగు మీద కూర్చుని తీర్పులు చెప్పేది ఎక్కువగా ఆ బస్సు ఎక్కనివాళ్లే. సీటు దొరుకుతుందా, కండక్టర్ ఎట్లా మాట్లాడుతున్నాడు, నెలకు ఎంత మిగులుతోంది, బస్సుల సంఖ్య సరిపోతోందా అనేవి రోజూ నర్సంపేట నుంచి వరంగల్ దాకా వచ్చిపోయే వదినకు తెలుస్తాయి. ఆమెను అడగండి. అడిగి మధ్యలో అందుకోకండి.

మొదటి ప్రశ్న

"ఎవరికేసినవ్?" అని అడగొద్దు. ఓటు రహస్యం. ఆ రహస్యం భార్యాభర్తల మధ్య కూడా ఉండొచ్చు. అదీగాక ఆ ప్రశ్నకు జవాబు వచ్చిందంటే తర్వాతి మాటలన్నీ ఆ జవాబును కాపాడుకోవడానికే ఖర్చవుతాయి.

పని గురించి అడగండి. "ఈ రెండేండ్లల్ల ఏ పనికి బాగ తిరగాల్సొచ్చింది కాకా?" "పిల్లల ఫీజుల సంగతి ఎట్లున్నదత్తా?" "మొన్న వడ్లకు తరుగు (తూకంలో కోత) ఎంత తీసిండ్రే?" ఇట్లాంటి ప్రశ్నకు ఎవరూ పార్టీ పేరుతో జవాబు మొదలుపెట్టరు. తమకు జరిగింది చెబుతారు. జరిగింది చెప్పే మనిషితో పోట్లాడటం కష్టం.

జరిగినదాన్ని పూర్తిగా వినడం

ఈ పద్ధతిలో బలమంతా ఇక్కడే ఉంది కాబట్టి భూమి ముచ్చటనే తీసుకుందాం. ఉత్తర తెలంగాణలో దానికంటే తొందరగా గొంతు లేచే విషయం లేదు. భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. దాని చోట 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఇప్పుడు మామ అంటాడు, "ధరణి ఉన్నప్పుడే నయముండె. రిజిస్ట్రేషన్ అయిన్నాడే పట్టా నా పేరు మీదికొచ్చింది." అల్లుడికి మండుతుంది. "మీకు నయమే మామా. మా బాపు మూడెకరాలు నిషేధిత జాబితల పడి కలెక్టరాఫీసు చుట్టు చెప్పులరిగినయి." నిషేధిత జాబితా అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక.

మామూలుగా అయితే ఇక్కడి నుంచి మామ ఒక నాయకుడిని వెనకేసుకొస్తాడు, అల్లుడు ఇంకో నాయకుడిని ఎత్తుకుంటాడు. భూమి సంగతి అక్కడే ఆగిపోతుంది. వేరేగా నడిపి చూడండి. అల్లుడు తన మాట మింగి ముందు ఒక ప్రశ్న అడగాలి.

"ఏ భూమి మామా అది? ఎన్నొద్దులల్ల అయింది?"

"మన చెరువు కిందిదే. పొద్దుగాల పోయిన, పగటాల్లకు అయిపోయింది. అంతకుముందు పేరు మార్పిడి, మ్యుటేషన్ అంటే వీఆర్వో సుట్టు తిరుగుడు, చేతులు తడుపుడు."

"అది నిజమే. మా బాపుది గట్ల కాలే. సర్వే నంబర్ల ఒక బిట్టు ప్రభుత్వ భూమున్నదని మొత్తం నంబరే ఆపిండ్రు. దిద్దుమంటె తహసిల్దార్ నా చేతుల లేదన్నడు."

"మరి ఎవరి చేతులున్నది?"

"గదే మామా. ఎవల్నడిగినా పైకి చూపెట్టిండ్రు."

ఇద్దరు చెప్పిందీ నిజమే. తప్పులేని భూమికి ధరణిలో పని చకచకా అయింది. రికార్డులో తప్పు పడ్డ భూమికి దాన్ని దిద్దే అధికారం కింది స్థాయిలో లేక ఏళ్లు పట్టింది. మామ అనుభవం ఒక రకం భూమిది, అల్లుడి అనుభవం ఇంకో రకం భూమిది. ఇంకో పది నిమిషాలు ఇట్లాగే నడిస్తే ఇద్దరూ ఒక మాటకు వస్తారు: పని మామకైనంత తొందరగా కావాలి, తప్పు పడితే దిద్దే మనిషి మండలంలోనే ఉండాలి. ఈ మాట ఏ పార్టీ జెండా మీదా లేదు. భూభారతి అయినా రేపు వచ్చే ఇంకోటైనా ఆ కొలతతో కొలవొచ్చు. మామ తన నాయకుడిని వదులుకోలేదు, అల్లుడూ వదులుకోలేదు.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. మధ్యలో "అది కాదు గానీ" అని అందుకోవద్దు. ఎదుటివాళ్లు చెప్పిన కష్టానికి వెంటనే మీ కష్టాన్ని పోటీకి పెట్టొద్దు. పైన అల్లుడు "అది నిజమే" అన్నాకే తన బాపు సంగతి చెప్పాడు.

ఇది ఎవరి పని?

సగం వాదనలు ఎవరి చేతిలో ఏముందో తెలియక నడుస్తాయి. రేషన్ బియ్యం మీద ఒకసారి కూర్చుని చూడండి. "మా పార్టీ పెట్టిన బువ్వ" అని ముగ్గురు మూడు పార్టీల పేర్లు చెబుతారు, ముగ్గురి మాటలోనూ కొంత నిజముంటుంది. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది. మనిషికి 5 కిలోలు హక్కుగా ఇచ్చే ఆహార భద్రత చట్టం 2013లో యూపీఏ హయాంలో వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015 నుంచి టీఆర్ఎస్ ప్రభుత్వం దాన్ని మనిషికి 6 కిలోలు చేసింది, ఇంటికి ఇంతే అన్న పరిమితి తీసేసింది. కేంద్రం తన వాటా బియ్యాన్ని 2023 జనవరి నుంచి ఉచితం చేసింది, అది ఎన్డీఏ నిర్ణయం. 2025 ఉగాదికి కాంగ్రెస్ ప్రభుత్వం దొడ్డుబియ్యం బదులు సన్నబియ్యం మొదలుపెట్టింది.

ఈ వరుస ఒక కాగితం మీద రాసి పెడితే వాదన దానంతట అదే చల్లబడుతుంది. తర్వాత అడగాల్సిన ప్రశ్న మిగులుతుంది: కొత్త కోడలి పేరు కార్డులో ఎక్కిందా లేదా?

మిగతావాటికి ఇంత చరిత్ర అక్కర్లేదు. కాజీపేట రైల్వే పనులు కేంద్రానివి. ఎంజీఎం ఆసుపత్రి, పోలీసు స్టేషన్, భూమి రికార్డులు రాష్ట్రానివి. హన్మకొండలో నాలా పూడిక, వీధిలైటు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ చూసుకోవాలి. ఊళ్లో మోరీ పంచాయతీది. చదువు కేంద్రం, రాష్ట్రం రెండింటి జాబితా. మామునూరు ఎయిర్‌పోర్టు లాంటివాటికి భూమి రాష్ట్రం ఇవ్వాలి, అనుమతి కేంద్రం ఇవ్వాలి. 2025లో ఆ అనుమతి వచ్చినప్పుడు రెండు వైపులవాళ్లూ పాలాభిషేకాలు చేసుకున్నా తప్పు పట్టడానికి లేదు.

పెద్ద మాటను ముక్కలు చేయడం

గోదావరి మీది కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు అనగానే ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. ఆ ఒక్క మాటలో కనీసం నాలుగు ప్రశ్నలున్నాయి, జనం ఒకదానికి జవాబుగా ఇంకోటి చెబుతుంటారు. 2023 అక్టోబరు 21న అందులో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు ఎందుకు కుంగాయి అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న. ఖర్చు సరిగ్గా జరిగిందా అన్నది లెక్కల ప్రశ్న. దీని మీద విచారణ చేసిన జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2025 జులై 31న నివేదిక ఇచ్చాక దాని మీద అసెంబ్లీలో చర్చ కూడా నడిచింది. మన కాలువలో నీళ్లు వచ్చాయా, వస్తే శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) ప్రాజెక్టువా, దేవాదులవా, కాళేశ్వరానివా అన్నది ఊరి ప్రశ్న. ఇప్పుడేం చేయాలి, బాగుచేయాలా వదిలేయాలా అన్నది నాలుగోది.

మొదటి రెండింటి మీద మనం ఎంత అరిచినా మనకు తెలిసింది టీవీలో విన్నదే. మూడోదాని మీద మాత్రం చిన్నాయినకు టీవీ వాళ్ల కంటే ఎక్కువ తెలుసు, ఎందుకంటే తూము దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకున్నది ఆయనే. సంభాషణ అక్కడ పెట్టండి. ఏ సంవత్సరం యాసంగికి ఎన్ని తడులు వచ్చాయి, చివరి మడి దాకా పారిందా, బోరు ఎంత లోతుకు పోయింది అని అడగండి. నాలుగో ప్రశ్న మీద విచిత్రంగా చాలామంది ఒకటే చెబుతారు. తప్పు చేసినవాళ్లను ఏం చేస్తారో చేయండి, పొలానికి నీళ్లు మాత్రం ఆపొద్దు అంటారు.

మీ పార్టీ చేసిన తప్పు ఒకటి, అవతలి పార్టీ చేసిన మంచి ఒకటి ముందే మనసులో సిద్ధం చేసుకుని వెళ్లండి. మాట బిగుసుకున్నప్పుడు వాటిలో ఒకటి బయటికి తీయండి. వెతికినా ఒక్కటీ దొరకలేదంటే మీరు ఇంకా ఆ ముచ్చటకు తయారుగా లేరు.

ఫోన్లో వచ్చినవి

మామ పంపిన వీడియో పాతదని మీకు తెలిసింది. గ్రూపులో "ఇది ఫేక్" అని పెట్టకండి, ఆయన పరువు పోతుంది, ఇక మీరు ఏం చెప్పినా వినడు. విడిగా ఫోన్ చేసి, "ఆ వీడియో ఏ ఏడాదిది మామా? నాకు పాతది లెక్క అనిపించింది, ఒకసారి జూద్దాం" అనండి. తీసేయాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి.

కొన్నింటిని ఇద్దరూ కలిసి చూడొచ్చు. అభ్యర్థి ఆస్తులు, కేసులు ఆయనే సంతకం పెట్టిన అఫిడవిట్‌లో ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఫలానా పథకం బందయిందన్న మెసేజ్ వస్తే జీవో నంబరు ఉందేమో చూడండి, లేకపోతే మండలాఫీసులో అడగండి. ఊరి రోడ్డుకు ఎంత బిల్లు ఎత్తారో తెలియాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయలకు మించని ఫీజుతో పని మొదలవుతుంది, జవాబుకు 30 రోజుల గడువు. మామాఅల్లుళ్లు కలిసి పెట్టిన దరఖాస్తును మించిన ఫ్యాక్ట్ చెక్ లేదు.

ఎక్కడ ఆపాలి

కులం పేరు పెట్టి, మతం పేరు పెట్టి, ఆడవాళ్లను తక్కువ చేసి మాట వచ్చిందంటే అక్కడ ఉమ్మడి మాట వెతకొద్దు. "గా మాట వద్దు కాకా" అని ఒక్కసారి, గొంతు పెంచకుండా చెప్పి లేవండి. మర్యాద కోసం నవ్వి ఊరుకుంటే ఆ నవ్వును ఒప్పుకోలుగా తీసుకుంటారు.

ఉత్త కోపమే అయితే ఆపడానికి మన దగ్గర సాకులకు కొదవ లేదు. బర్రెకు గడ్డి వేయాలి, కరెంటు వచ్చింది మోటరు పెట్టాలి. మర్నాడు మీరే ఫోన్ చేయండి, రాజకీయం కాకుండా వేరే దాని గురించి.

సర్పంచ్ ఎన్నికలు వేరు

2025 డిసెంబరులో మూడు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల గాయాలు చాలా ఊళ్లలో ఇంకా మానలేదు. చట్టం ప్రకారం సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు. అందుకే అది ఎక్కువ నొప్పి. అసెంబ్లీ ఎన్నికల్లో ఓడేది హైదరాబాద్‌లోని పార్టీ, ఇక్కడ ఓడేది పక్కింటి చిన్నాయిన. ఎవరు ఎటు వేశారో వార్డుల లెక్కలతో సహా తెలిసిపోతుంది, లేదా తెలిసిపోయిందని అనుకుంటారు.

ఇక్కడ పై పద్ధతులు నేరుగా పనిచేయవు. విధానాల మీద మాట్లాడితే దెప్పినట్టే ఉంటుంది. గెలిచినవైపు వాళ్లే ముందు గడప తొక్కాలి, అది కూడా ఎన్నిక ఊసు ఎత్తకుండా, శుభలేఖతోనో, పొలం పనితోనో. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే ఆనవాయితీ మనకు ఉండనే ఉంది. ఆ రోజు ఏ గడపకు పోయినా ఎందుకొచ్చినవని ఎవరూ అడగరు. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో గ్రామసభలో పక్కపక్కన కూర్చుంటే చాలు.

దొరికిన మాటను పనిలో పెట్టడం

ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒకటి దొరికాక దాన్ని గాలికి వదిలేస్తే వచ్చే పండక్కి మళ్లీ మొదటికొస్తారు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీని చూడండి. 1980ల్లో మనకు వస్తుందనుకున్నది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టం తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సంగతి పరిశీలించాలని చెప్పింది. 2023 జులై 8న ప్రధాని కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. ఇన్నేళ్లూ ఆ డిమాండ్ చచ్చిపోకపోవడానికి కారణం, వరంగల్‌లో దాన్ని అడగని పార్టీ లేకపోవడం.

ఇంటి స్థాయిలో అంత పెద్దది అక్కర్లేదు. కొనుగోలు సెంటర్‌లో బస్తాకు అదనంగా తీస్తున్న తరుగు, పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ దగ్గర తేమ శాతం 12 దాటిందని తిప్పి పంపడం, 2023 జులై వానలకు ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన కాలనీ పక్కన నాలా మీద కట్టుకున్న గోడ. వీటిలో ఒకటి ఎంచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. ఏ ఊరు, ఏ తేదీ, ఏం జరిగింది, ఏం చేయాలని అడుగుతున్నారు, అంతే రాయండి. ఏ నాయకుడి పేరూ వద్దు, పొగడ్తకూ తిట్టుకూ. ఫొటో ఉంటే జత చేయండి. కింద ఇద్దరూ సంతకాలు పెట్టండి, వీలైతే మూడో పార్టీ మనిషి సంతకం కూడా తీసుకోండి. ఇచ్చినట్టు రశీదు అడిగి తీసుకుని, దాని నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. రెండు వారాలకు ఎవరు వెళ్లి కనుక్కోవాలో అక్కడి నుంచి కదలకముందే అనుకోండి.